ఒంగోలు గిత్త వంశవృక్షం

అద్దంకి చుట్టుపక్కల తిరునాళ్ళలో బండలాగుడు పందేలకు ఎడ్లను పళ్ళను బట్టి విభజిస్తారు. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి మరొకటి, ఆ తర్వాత నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి. కింది పెదవి లాగి చూస్తే చాలు, వయసు తెలిసిపోతుంది. పాలపళ్ళు ఊడిపోయి వాటి స్థానంలో కొత్త పళ్ళు జతలు జతలుగా వస్తాయి. రెండేళ్ళు దాటాక మొదటి జత వస్తుంది. నాలుగైదేళ్ళు వచ్చేసరికి ఎనిమిదీ పూర్తవుతాయి. సంతలో కోడెను బేరమాడే రైతుకు ఈ విద్య తండ్రి దగ్గర నుంచి వచ్చినదే.

ఇలా పళ్ళు లెక్కపెట్టేవాళ్ళందరికీ ఇంకో సంగతి తెలుసు. ఎద్దుకు పై దవడ ముందుభాగంలో పళ్ళుండవు. అక్కడ గట్టిపడిన చిగురు మాత్రమే ఉంటుంది. ఎద్దు నాలుకతో గడ్డిని చుట్టి లాగి, కింది పళ్ళను ఆ చిగురుకు ఆనించి తెంపుతుంది.

ఆ నోటిని చూసి రెండు ప్రశ్నలు వేయవచ్చు. ఇది ఏం పని చేస్తుంది? ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? మొదటి ప్రశ్నకు జవాబు గడ్డి తెంపే తీరులోనే ఉంది. రెండోదానికి జవాబు ఇంకా పుట్టని దూడలో దొరుకుతుంది. పుట్టని దూడ పై దవడలో పంటి మొలకలు మొదలవుతాయనీ, అవి చిగురు చీల్చుకుని ఎన్నడూ బయటికి రావనీ చార్లెస్ డార్విన్ 1859లో ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథంలో ఎత్తిచూపాడు. పై పళ్ళు ఎన్నడూ లేని వంశంలో పుట్టిన జంతువుకు ఆ మొలకలతో పనేముంది? ఎద్దు పూర్వీకులకు పైన కూడా పళ్ళుండేవి. ఆ పళ్ళు పోయాయి గానీ, వాటిని మొదలుపెట్టే ఏర్పాటు పూర్తిగా చెరిగిపోలేదు.

కింది ఎనిమిది పళ్ళలోనూ ఇలాంటి విశేషమే ఉంది. అన్నీ ఒకే తీరుగా కనబడతాయి, అన్నీ గడ్డి కోసేవే. కానీ దవడలో వాటి స్థానాన్నీ, ఎదిగే క్రమాన్నీ బట్టి చూస్తే చివరి జత కోరపళ్ళు. పులి నోట్లో వేటను పట్టే కోరా, ఎద్దు నోట్లో గడ్డి కోసే ఆ చివరి పన్నూ ఒకే వారసత్వం. పులి వంశంలో అది కోరగా పెరిగింది, ఎద్దు వంశంలో పక్క పళ్ళ వరసలో కలిసిపోయింది.

వెన్నెముక గల జంతువుల శరీరాలను పక్కపక్కన పెట్టి పోల్చే శాస్త్రమంతా ఈ రెండు ప్రశ్నలను విడివిడిగా అడగడం మీదే నిలబడింది. పని ఒకటి, పుట్టుక ఒకటి. ఈ రెంటినీ కలిపేస్తే గందరగోళం, విడదీస్తే చరిత్ర. ఈ అధ్యాయంలో ఒంగోలు గిత్తను పక్కన పెట్టుకుని ఆ చరిత్రను చదువుదాం. గుండ్లకమ్మ పరీవాహకంలోని ఈ నల్లరేగడి నేలల చుట్టూ రూపుదిద్దుకున్న జాతి అది. దాని ఒంట్లో ఉన్నది మాత్రం కోట్ల ఏళ్ళ కథ.

మోకాలు కాదు, మణికట్టు

ఎద్దు ముంగాలు మధ్యలో వంగే చోటును మనం మోకాలంటాం. పైనుంచి ఎముకలు లెక్కపెట్టుకుంటూ దిగితే సంగతి వేరు. ముందు బల్లపరుపుగా భుజపుటెముక. దాని కింద భుజాస్థి, ఇది దాదాపుగా ఒంట్లోనే దాగి ఉంటుంది. ఛాతీ పక్కన తగిలేది మోచేయి. అక్కణ్ణుంచి కిందికి రత్ని, అరత్ని అనే రెండు ముంజేతి ఎముకలు, అతుక్కుపోయి ఉంటాయి. ఆ తర్వాత చిన్న చిన్న ఎముకల గుత్తి. మన చేతిలో ఆ గుత్తి ఉండేది మణికట్టులో. అంటే ఎద్దు ముంగాలికి ‘మోకాలు’ అని మనం అనుకునేది దాని మణికట్టు. వెనక్కాలికి వెనకవైపు పొడుచుకొచ్చినట్టుండే కీలు దాని మడమ. ఎద్దు జీవితమంతా వేలి కొసల మీద నిలబడే జంతువు.

మణికట్టు కింద ఉన్న పొడవాటి ఎముక మన అరచేతికి సాటి. మన అరచేతిలో అయిదు ఎముకలున్నాయి. ఎద్దుకు నడివేలివీ ఉంగరపువేలివీ మాత్రమే పెద్దగా మిగిలి, రెండూ ఒకటిగా అతికాయి. ఆ ఎముకను కడిగి చూస్తే ముందువైపు నిలువునా గాడి కనబడుతుంది, కింది కొసలో రెండు తలలు విడివిడిగా ఉంటాయి. ఆ రెండు తలల కింద రెండు వేళ్ళు, వాటి గోళ్ళే రెండు డెక్కలు. వెనకవైపు నేలకు తగలకుండా కాస్త పైన ఉండే చిన్న డెక్కలు చూపుడువేలు, చిటికెనవేలు. బొటనవేలు పూర్తిగా పోయింది. నాడాలు కొట్టేవాళ్ళు ఈ లెక్కను పాటిస్తూనే ఉన్నారు. ఎద్దు కాలికి రెండు పలకలు బిగిస్తారు, గుర్రానికి ఒకటే. గుర్రం నిలబడేది ఒక్క నడివేలి గోటి మీద.

ఇప్పుడు ఇదే వరసను ఇతర జంతువుల్లో వెతకండి. ఒక ఎముక, దాని కింద రెండు, ఆ కింద చిన్నవాటి గుత్తి, చివర వేళ్ళు. మర్రిచెట్టుకు వేలాడే గబ్బిలం రెక్కలో ఇదే వరస ఉంది. వేళ్ళు మాత్రం విపరీతంగా సాగి వాటి మధ్య చర్మం పరుచుకుంది. బంగాళాఖాతంలోని డాల్ఫిన్ తెడ్డులో, కప్ప ముంగాలిలో, గోడ మీద బల్లి కాలిలో, మన చేతిలో అదే వరస. ఎగరడానికీ, ఈదడానికీ, దుక్కి దున్నడానికీ, కలం పట్టడానికీ ఒకే వరస కావలసిన అవసరమేమీ లేదు. ఇంజనీరుకు ఆ నాలుగు పనులూ అప్పగిస్తే నాలుగు వేర్వేరు యంత్రాలు గీస్తాడు.

ఈ పోలికకు 1843లో స్పష్టమైన నిర్వచనం ఇచ్చినవాడు ఇంగ్లండు శరీరశాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్. రూపం మారినా, పని మారినా వేర్వేరు జంతువుల్లో ‘అదే అవయవం’ అని గుర్తుపట్టగలిగే వాటిని ఆయన ఒక కోవలో చేర్చాడు. మన పాఠ్యపుస్తకాలు వాటిని నిర్మాణ సామ్య అవయవాలు అంటాయి. ఓవెన్ ఈ సామ్యానికి కారణంగా ఒక ఆదర్శ నమూనాను ఊహించాడు. డార్విన్ ఆ నమూనా స్థానంలో నిజంగా బతికిన పూర్వీకుణ్ణి నిలిపాడు. అటువంటి పూర్వీకుల కాలానికి దగ్గరి సాక్ష్యం 2004లో కెనడా ఉత్తరాన ఎల్స్మియర్ దీవిలో దొరికింది. దాదాపు 37.5 కోట్ల ఏళ్ళ కిందటి టిక్టాలిక్ అనే చేప అది. పొలుసులూ మొప్పలూ ఉన్న ఆ చేప ముందు రెక్కలో భుజాస్థి, ముంజేతి ఎముకలు రెండు, మణికట్టు లాంటి భాగం కనిపించాయి.

ఈ మార్పులు ఎలా జరుగుతాయో ఇప్పుడు పిండంలోనే చూడగలుగుతున్నారు. దూడ పిండంలో ఆ రెండు అరచేతి ఎముకలూ మొదట విడివిడిగానే ఏర్పడి, తర్వాత అతుక్కుంటాయి. స్విట్జర్లండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఇంకాస్త లోతుకు వెళ్ళారు. పిండంలో కాలి మొగ్గ ఎదిగేటప్పుడు ‘సోనిక్ హెడ్జ్‌హాగ్’ అనే జన్యువు పంపే సంకేతం వేళ్ళ సంఖ్యనూ రూపాన్నీ నిర్దేశిస్తుంది. ఆవు పిండంలో ఆ సంకేతం ఉంది గానీ, దాన్ని అందుకునే జన్యువును నియంత్రించే భాగం మారింది. అందువల్ల వేళ్ళ మధ్య తేడాలు తగ్గి, రెండు వేళ్ళు సమానంగా పెరిగాయి. జన్యువు పాతదే, అది పనిచేసే చోటూ మోతాదూ మారాయి.

ఇదే జన్యువు పాముల్లోనూ కథ నడిపింది. నల్లమల అడవుల్లో తిరిగే కొండచిలువకు తోక మొదట్లో, మలద్వారానికి రెండు పక్కలా చిన్న గోళ్ళలాంటివి ఉంటాయి. లోపల కటి ఎముక, తొడ ఎముకల అవశేషాలున్నాయి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములను సేకరించి, వాటి తెలుగు పేర్లతో సహా 1796లో పెద్ద గ్రంథం వేశాడు. ఆనాటికి ఆ గోళ్ళ అర్థం చెప్పే సిద్ధాంతం లేదు. ఇవాళ చెప్పగలం. పాములు కాళ్ళున్న బల్లి జాతి పూర్వీకుల నుంచి వచ్చాయి. 2016లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఎలుకల్లో సోనిక్ హెడ్జ్‌హాగ్‌ను కాళ్ళలో మేల్కొలిపే డీఎన్ఏ ముక్కను తీసి పాముది పెడితే, ఎలుకపిల్లలకు కాళ్ళు మొండిగా మిగిలాయి. ఎద్దు వేలు తగ్గడానికీ, పాము కాలు పోవడానికీ దారితీసిన మార్పులు ఒకే పాత సంకేతం చుట్టూ జరిగాయి.

రెండు రకాల పోలికలు

పోలిక కనబడగానే చుట్టరికం అనేయడం కూడా పొరపాటే. ఈ తేడా తెలియడానికి అద్దంకిలోనే మంచి ఉదాహరణ ఉంది. ఇక్కడ దొరికిన పండరంగని శాసనం క్రీ.శ. 848 నాటిది, తరువోజ పద్యమున్న రాయి. దాని లిపిని ఇవాళ్టి తెలుగు పిల్లలు చూసి చదవలేరు, కన్నడ పిల్లలూ చదవలేరు. కానీ శతాబ్దాల వారీగా శాసనాలను వరసపెట్టి చూస్తే తెలుగు అక్షరాలూ కన్నడ అక్షరాలూ ఒకే పాత లిపి నుంచి మెల్లగా విడిపోయాయని స్పష్టమవుతుంది. రెంటి మధ్య ఉన్న పోలిక వారసత్వం. మన సున్నకూ, రోమన్ లిపిలోని ‘ఓ’ అక్షరానికీ కూడా పోలిక ఉంది, రెండూ గుండ్రమే. కానీ వాటి చరిత్రలు వేరు, గీయడానికి గుండ్రం సులువు కావడమే ఆ పోలికకు కారణం.

శరీరాల్లోనూ ఇంతే. గబ్బిలం రెక్కా, తూనీగ రెక్కా ఒకే పని చేస్తాయి. వాటిలో ఎముకకు ఎముక సరిపోదు, అసలు తూనీగకు ఎముకలే లేవు. ఇలాంటివి క్రియాసామ్య అవయవాలు. గబ్బిలం రెక్కా, కాకి రెక్కా ఇంకా ఆసక్తికరం. చేతులుగా చూస్తే అవి ఒకే వారసత్వం. రెక్కలుగా చూస్తే వేర్వేరు ఆవిష్కరణలు. వాటి ఉమ్మడి పూర్వీకుడికి చెయ్యి ఉంది, రెక్క లేదు. అందుకే గబ్బిలం వేళ్ళ మధ్య చర్మంతో ఎగిరితే, కాకి ఈకలతో ఎగురుతుంది.

మన చెరువుల్లోని కొర్రమేను కూడా ఇక్కడ చెప్పుకోవలసిందే. నీటిపైకి వచ్చి గాలి మింగకపోతే అది బతకదు. అది గాలి పీల్చేది మొప్పల పైనున్న ప్రత్యేకమైన గదితో. మన ఊపిరితిత్తులు ఆ గది నుంచి వచ్చినవి కావు. గాలి పీల్చడమన్న పని ఒకటే, దారులు రెండు.

అన్నిటికన్నా అందమైన ఉదాహరణ గిత్త డొక్కలో ఉంది. ఎద్దు పొట్టకు నాలుగు గదులు. మొదటి పెద్ద గదిలో కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి, తర్వాత ఎద్దు ఆ సూక్ష్మజీవులనే అరిగించుకుంటుంది. గుండ్లకమ్మ పుట్టిన నల్లమలలో కొండముచ్చులున్నాయి. అవి ఆకులు తిని బతుకుతాయి, వాటి పొట్ట కూడా గదులుగా విడిపోయింది, అందులోనూ సూక్ష్మజీవులు ఆకును పులియబెడతాయి. బాక్టీరియా గోడలను కరిగించే లైసోజైమ్ అనే ఎంజైమ్ మన కన్నీళ్ళలో, లాలాజలంలో ఉంటుంది. ఆవు, కొండముచ్చు రెంటిలోనూ అది పొట్టలో పనిచేయడానికి మారింది. కారో-బెత్ స్టువర్ట్, ఆలన్ విల్సన్ బృందం 1987లో ఈ రెండు ఎంజైమ్‌ల నిర్మాణాన్ని పోల్చింది. కొన్ని స్థానాల్లో రెండు వంశాలూ విడివిడిగా ఒకే మార్పులకు చేరుకున్నాయని తేలింది. కొండముచ్చు ఎద్దుకన్నా మనిషికి చాలా దగ్గరి చుట్టం. అయినా తిండి ఒకటైనప్పుడు ప్రకృతి వరణం రెండు దూరపు వంశాలను ఒకే పరిష్కారానికి తెచ్చింది.

ఒక పోలిక ఏ రకానిదో తేల్చే పద్ధతి ఏమిటి? ఒక్క అవయవాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. దాని స్థానం, చుట్టూ ఉన్న నరాలు, రక్తనాళాలు, పిండంలో అది ఎదిగిన తీరు, శిలాజాలు, డీఎన్ఏ, ఇవన్నీ కలిపి చూడాలి. స్వతంత్రమైన సాక్ష్యాలు ఒకే వంశవృక్షాన్ని చూపినప్పుడు ఆ వృక్షం మీద నమ్మకం పెరుగుతుంది.

మిరపచేలో చిలక వాలి పళ్ళు తినడం ఇక్కడి రైతులందరూ చూసేదే. ఆ కారం దానికి తగలదు. నోట్లో వేడినీ నొప్పినీ గుర్తించే ఒక గ్రాహక ప్రోటీన్ స్తన్యజీవులకూ పక్షులకూ ఉమ్మడి ఆస్తి. స్వెన్-ఎరిక్ యోర్ట్, డేవిడ్ జూలియస్ 2002లో కోడి గ్రాహకాన్ని పరీక్షించారు. అది వేడికి స్పందించింది, మిరపలోని కాప్సైసిన్‌కు స్పందించలేదు. ఒకే వారసత్వపు ప్రోటీన్, రెండు వంశాల్లో కొద్ది తేడా. ఎముకల్లో చూసిన సూత్రమే అణువుల్లోనూ నడుస్తుంది.

రంకెకు చుట్టుదారి

గిత్త రంకె వేస్తే ఊరి చివరకు వినబడుతుంది. ఆ రంకె పుట్టే స్వరపేటిక తలకు కొద్ది దూరంలోనే గొంతులో ఉంది. దాన్ని నడిపే ప్రధానమైన నరం మెదడు నుంచి బయల్దేరి, స్వరపేటికను దాటిపోయి, పొడవాటి మెడ వెంబడి ఛాతీలోకి దిగుతుంది. ఎడమవైపు నరం గుండె దగ్గర బృహద్ధమని వంపు కింద చుట్టు తిరిగి, మళ్ళీ మెడ వెంబడి పైకెక్కి స్వరపేటికను చేరుతుంది. మనలోనూ అదే దారి. జిరాఫీలో ఆ చుట్టుదారి మీటర్ల పొడవు.

పని అడిగితే ఈ దారికి సమాధానం లేదు. పుట్టుక అడిగితే ఉంది. చేపలో ఆ నరానికి సాటిదైన శాఖ మెదడు నుంచి మొప్ప దగ్గరికి నేరుగా వెళ్తుంది, దాని పక్కనే ఒక రక్తనాళపు వంపు. చేపకు మెడ లేదు గనుక గుండె తలకు దగ్గరే. నేల మీది వంశాల్లో మెడ సాగింది, గుండె ఛాతీలోకి దిగింది, దానితో పాటు ఆ నాళపు వంపూ దిగింది. నరం ఆ వంపు కింద చిక్కుకుని తానూ సాగింది. ప్రతి తరంలోనూ జంతువు బతికి ఉండాలి. దారి తెంచి కొత్తగా వేసే అవకాశం ఏ తరానికీ రాలేదు.

చెవి కథ ఇంతకన్నా గొప్పది. మన చెవిలో, ఎద్దు చెవిలో మూడు బుల్లి ఎముకలున్నాయి: కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి. బల్లి చెవిలో ఒక్కటే. మిగతా రెండు ఎక్కణ్ణుంచి వచ్చాయి? 1837లో జర్మన్ శరీరశాస్త్రవేత్త కార్ల్ రైకర్ట్ పంది పిండాలను పరిశీలించి, కూటకం, దాగలి ఏర్పడేది మొదట దవడకు చెందిన మృదులాస్థి నుంచేనని చూపాడు. బల్లిలో కింది దవడను తలకు కీలుగా కలిపే రెండు ఎముకలే మన చెవిలోకి చేరాయి. దవడ కీలు చెవిలోకి మారే మధ్యకాలంలో ఆ జంతువు తిండి ఎలా తింది అన్న సందేహానికి శిలాజాలు జవాబిచ్చాయి. మోర్గనుకొడాన్ అనే ఆదిమ జీవి దవడకు పాత కీలూ, కొత్త కీలూ పక్కపక్కనే ఉన్నాయి. కొత్తది బరువు మోయడం మొదలుపెట్టాక పాతది శబ్దం మోసే పనిలో చేరిపోయింది.

ఆ కాలపు సాక్ష్యాలు తెలుగు నేల మీదా ఉన్నాయి. ప్రాణహిత–గోదావరి లోయలోని కోట శిలాపొరలు జురాసిక్ యుగానివి. అక్కడ దొరికిన కోటాసారస్ డైనోసార్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్లో నిలబడి ఉంది. చూడటానికి వెళ్ళేవాళ్ళంతా దాని పరిమాణం చూసి ఆశ్చర్యపోతారు. మన వంశానికి సంబంధించినంతవరకు ఆ పొరల్లోని అసలు నిధి వేరే ఉంది. అవి చిన్న చిన్న పళ్ళు. 1981లో పి. ఎం. దత్తా అటువంటి పంటిని వర్ణించి ‘కోటాథీరియం హాల్డేనీ’ అని పేరు పెట్టాడు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన జీవశాస్త్రవేత్త హాల్డేన్ గౌరవార్థం ఆ పేరు. డైనోసార్ల కాళ్ళ మధ్య తిరిగిన ఆ ఆదిమ స్తన్యజీవుల బంధువుల నుంచే గిత్తా వచ్చింది, మనమూ వచ్చాం.

మూపురం చెప్పే మాట

కాడి గిత్త మెడ మీద మూపురానికి ముందు కూర్చుంటుంది. మూపురంలో ప్రధానంగా ఉన్నది కండ, కొంత కొవ్వు. మెడనూ వెన్నునూ భుజపుటెముకతో కలిపే కండరమే అక్కడ ఉబ్బెత్తుగా పెరిగింది. ఎద్దుకు జత్రుక, అంటే మనకు మెడ కింద తగిలే అడ్డపు ఎముక, లేదు. ముంగాళ్ళు మొండెంతో ఏ ఎముకా కలపకుండా కండరాల ఉయ్యాలలోనే వేలాడుతూ ఉంటాయి. వేగంగా పరుగెత్తే జంతువులకు ఇది సాధారణం.

ఐరోపా ఆవులకు మూపురం లేదు. రెండూ ఒకే మచ్చిక నుంచి వచ్చాయా? కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం నడిపిన ఎడ్వర్డ్ బ్లైత్ భారతీయ పశువుల అలవాట్లూ, అరుపూ, ఒంటి తీరూ గురించి డార్విన్‌కు ఉత్తరాలు రాశాడు. వాటి ఆధారంగా మూపురమున్న పశువులు వేరే అడవి మూలం నుంచి వచ్చాయని డార్విన్ 1859లోనే అభిప్రాయపడ్డాడు. 1994లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ శాస్త్రవేత్తలు రెండు రకాల పశువుల మైటోకాండ్రియల్ డీఎన్ఏను పోల్చారు. అవి విడిపోయి లక్షల ఏళ్ళయింది. మనిషి పశువులను మచ్చిక చేసి పది వేల ఏళ్ళే. అంటే మచ్చిక రెండు చోట్ల, రెండు మూలాల నుంచి జరిగింది.

వెన్నుపూసలూ అదే చెబుతాయి. మూపురపు పశువుల వీపు వెన్నుపూసలు కొన్నిటికి పైముల్లు కొసన రెండుగా చీలి ఉంటుంది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాల్లో ఇలాంటి గుర్తుల సాయంతోనే దాదాపు 8,000 ఏళ్ళ కిందటి పశువులు మూపురపు రకానివని గుర్తించారు. తెలుగు నేల మీద కూడా ఆ వరసలో సాక్ష్యముంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లో తవ్విన బూడిద దిబ్బ నవీన శిలాయుగపు పశువుల దొడ్డి. పేడ పదే పదే కాలి గుట్టపడిన ఆ బూడిదలో డెక్కల అచ్చులు కూడా నిలిచి ఉన్నాయి.

అక్కణ్ణుంచి ఈనాటి గిత్త దాకా వచ్చిన మార్పులో రైతు చెయ్యి ఉంది. తరతరాలుగా మంచి దుక్కి ఎద్దునూ, మంచి పాడి ఆవునూ ఏరి దూడలు కట్టించాడు. దీన్నే కృత్రిమ వరణం అంటారు. 1868లో బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో దిగిన రెండు ఒంగోలు పశువులతో మొదలుపెట్టి, 1960లలో వెళ్ళిన కరవది గిత్త దాకా ఇక్కడి రక్తం అక్కడికి చేరింది. ‘నెలోరె’ పేరుతో అది బ్రెజిల్ మాంసపు మందల్లో ప్రధాన జాతి అయింది. ఇక్కడ లాగే బలం కోసం ఏరారు, అక్కడ మాంసం కోసం ఏరారు. ఒకే మూలం, రెండు అవసరాలు, కొద్ది తరాల్లోనే రెండు ఒంటి తీరులు. ఏరే మనిషి స్థానంలో ఎండనూ కరువునూ రోగాన్నీ వేటజంతువునూ పెట్టి, తరాలను లక్షల్లో లెక్కవేస్తే ప్రకృతి వరణం అర్థమవుతుంది.

మడమ ఎముకా, తిమింగలమూ

చివరగా గిత్త వెనక్కాలి మడమ కీలులో ఒక చిన్న ఎముకను చూద్దాం. పాదాన్నీ కాలినీ కలిపే ఈ ఎముకకు పైనా కిందా రెండు కొసల్లోనూ కప్పీ ఆకారం ఉంటుంది. మేకకు, గొర్రెకు, జింకకు, పందికి, ఒంటెకు అలాగే ఉంటుంది. గుర్రానికి ఒక కొసలోనే. జంట డెక్కల వర్గపు ముద్ర అది.

2001లో పాకిస్తాన్ శిలాజాల్లో కాళ్ళున్న తొలి తిమింగలాల మడమలు దొరికాయి. వాటికి కూడా రెండు వైపులా కప్పీలు! తిమింగలాలు జంట డెక్కల వర్గంలోంచే సముద్రంలోకి దిగాయని డీఎన్ఏ అంతకుముందే చెబుతోంది, ఎముక ఇప్పుడు సాక్ష్యమిచ్చింది. తర్వాతి ముక్క మన దేశంలోనే దొరికింది. భూవిజ్ఞాని ఎ. రంగారావు జమ్మూ ప్రాంతపు కాలాకోట్‌లో సేకరించిన శిలాజాలకు 1971లో ‘ఇండోహయస్’ అని పేరు పెట్టారు. ఆయన తవ్వి తెచ్చిన రాళ్ళు ఆయన మరణం తర్వాత శాస్త్రవేత్త హాన్స్ థెవిసన్ చేతికి వచ్చాయి. రాయి తొలుస్తుండగా ఒక పుర్రె చెవి ఎముక విరిగింది. లోపలి గోడ తిమింగలాలకు మాత్రమే ఉండే తీరులో మందంగా ఉంది. 2007లో ఆ ఫలితం వెలువడింది. దాదాపు 4.8 కోట్ల ఏళ్ళ కిందటి ఇండోహయస్ చిన్న జింక అంత జంతువు, దాని కాళ్ళు జంట డెక్కలవి, చెవి తిమింగలానిది.

గిత్త పక్కన గుర్రాన్నీ, తిమింగలాన్నీ నిలబెట్టి దగ్గరి చుట్టం ఎవరని అడిగితే ఎవరైనా గుర్రాన్నే చూపిస్తారు. నాలుగు కాళ్ళు, డెక్కలు, గడ్డి తిండి, అంతా ఒకేలా ఉంది. జవాబు తిమింగలం. గుర్రంతో గిత్తకున్న పోలికలో ఎక్కువ భాగం పనితో వచ్చింది. తిమింగలంతో ఉన్నది వంశంతో వచ్చింది. ఎద్దులోంచి తిమింగలం పుట్టలేదు, తిమింగలంలోంచి ఎద్దూ పుట్టలేదు. రెంటికీ ఉమ్మడి పూర్వీకుడున్నాడు, ఆ తర్వాత దారులు చీలాయి. కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకున్నాయి అని అడిగేవాళ్ళకు కూడా ఇదే సమాధానం. ఇవాళ బతికున్న కోతి మన తాత కాదు, మన జ్ఞాతి. పరిణామం పై మెట్టూ కింది మెట్టూ ఉన్న నిచ్చెన కాదు. చేపది తక్కువ మెట్టు, మనిషిది ఎక్కువ మెట్టు అన్న మాటకు అందులో చోటు లేదు. కొర్రమేను కూడా మనతో సమానంగా అంతే కాలం మారుతూ వచ్చిన జీవి.

ఈ జ్ఞానం పిల్లలకు అందాలి. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామ భాగాన్ని తీసేసినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాశారు. వాళ్ళ ఆందోళన న్యాయమైనది. పదో తరగతి తర్వాత జీవశాస్త్రం చదవని పిల్లలే ఎక్కువ. పాఠం పుస్తకంలో లేకపోయినా ఉపాధ్యాయుడికి సామగ్రి కొరత లేదు. మాంసం దుకాణంలో అడిగితే మేక కాలు ఇస్తారు. కోడి రెక్క ఇంట్లోనే ఉంటుంది. రెంటినీ ఉడికించి, కడిగి, ఎముకలను బల్ల మీద వరసపెట్టి, పక్కన పిల్లవాడి చేతిని పెట్టమంటే ఓవెన్, డార్విన్ చూసినది ఆ పిల్లవాడూ చూస్తాడు.

గిత్త గురించి కూడా ఒక బాధ్యత ఉంది. ట్రాక్టరు వచ్చాక దుక్కికి ఎద్దు అవసరం తగ్గింది. నేడు గుంటూరు దగ్గర లాం పరిశోధనా కేంద్రం, ప్రకాశంలో చదలవాడ పశుక్షేత్రం, పందేల మీద మమకారంతో పెంచే రైతులు ఈ జాతిని నిలుపుతున్నారు. ఒక యంత్రం పోతే నమూనా చూసి మళ్ళీ చేసుకోవచ్చు. జీవి శరీరం అలా తయారైంది కాదు. ఈ అధ్యాయంలో చూసిన ప్రతి భాగమూ, ఆ మణికట్టూ, ఆ నరమూ, ఆ మూపురమూ, మార్పు మీద మార్పు చేరి వరుసగా వచ్చినవి. ఆ వరస ఒక్కసారే నడుస్తుంది. తెగిన వంశాన్ని మళ్ళీ మొదటి నుంచి నడిపించే మార్గం ప్రకృతి దగ్గరా లేదు, మన దగ్గరా లేదు. అందుకే పరిణామం అర్థమైనవాడికి ఒంగోలు జాతిని కాపాడుకోవడం ఊరి పౌరుషానికి సంబంధించిన విషయంగా మాత్రమే కనబడదు. తిరిగి రాని దాన్ని పోగొట్టుకోకూడదన్న ఇంగితంగా కనబడుతుంది.